డ్రైనేజీ అంటే ఏ డ్రైనేజీ?

పెరంబూరు, చెన్నై

చిరంజీవులు చిన్నాకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ వేళచ్చేరి అపార్టుమెంటులో పిల్లలంతా కలిసి పెట్టుకున్న కౌన్సిలర్ ఎన్నికల డిబేట్‌ని వెనక వరసలో కూర్చుని విన్నాను. చిన్నా, కొత్త అభ్యర్థి వేషంలో గొంతు బాగా లేచింది. బుజ్జీ, పాత కౌన్సిలర్ వేషంలో నువ్వు కాగితం చూడకుండా మాట్లాడావు, అది ఇంకా బాగుంది. కానీ ముప్ఫయ్యేళ్ళు ప్రూఫులు దిద్దిన చెయ్యి కదా, ఊరుకోదు. ఇంటికొచ్చేదాకా బస్సులో మీ మాటలే దిద్దుకుంటూ వచ్చాను.

"నేను గెలిస్తే ఈ వార్డులో డ్రైనేజీ సమస్యే ఉండదు" అన్నావు చిన్నా. ఒకటే చప్పట్లు. ఏ డ్రైనేజీరా? గేటు దాటి వెళ్ళి ఒకసారి రోడ్డు చూడు. అంచున పొడుగ్గా సిమెంటు పలకలు పరిచి, మధ్యమధ్య ఇనప జల్లెడలు పెట్టి ఉంటాయి. అది వాననీటి కాలవ, కార్పొరేషన్‌ది. రోడ్డు మీద గుండ్రటి మూతలు కనిపిస్తాయి చూడు, వాటి కింద పోయేది మురుగు గొట్టం. అది మెట్రోవాటర్‌ది, అంటే నగరానికి మంచినీళ్ళూ మురుగూ చూసుకోవడానికి 1978లో పెట్టిన వేరే బోర్డుది. మనం రెంటినీ కలిపి డ్రైనేజీ అనేస్తాం. కాలవలో పూడిక తీయకపోతే కౌన్సిలర్‌ని నిలబెట్టి అడగొచ్చు. మురుగు పొంగితే మాత్రం ఆయన కూడా బోర్డు వాళ్ళకి చెప్పి, వెంటపడి చేయించుకోవాల్సిందే. కొన్ని ఇళ్ళవాళ్ళు దొంగచాటుగా మురుగుని వాన కాలవలోకి తిప్పేస్తారు. అప్పుడు నీళ్ళు ఎవరివో, తప్పు ఎవరిదో చెప్పడానికి బ్రహ్మ దిగిరావాలి. "సమస్యే ఉండదు" అనకుండా "అక్టోబరు వానలు మొదలయ్యేలోపు కాలవ పూడిక తీయిస్తాను" అని ఉంటే చప్పట్లు తక్కువే పడేవి. కానీ నవంబరులో నిన్ను పట్టుకుని అడగడానికి జనానికి ఒక మాట దొరికేది.

మన భాషలో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. నాయకుడు మాట్లాడుతున్నప్పుడు చెవి అక్కడ పెట్టండి. "పార్కు కట్టించాను" అంటే తన పూచీ ఒప్పుకున్నట్టు. "పార్కు వచ్చింది" అంటే ఎవరు తెచ్చారో మనమే ఊహించుకోవాలి. ఇక "చూద్దాం" సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, ఫోన్ అడిగినప్పుడల్లా మీ అమ్మ అనేది అదే. తమిళంలో "పాక్కలాం" అన్నా అంతే. ఇంకో క్రియ ఉంది, నాకు ఒళ్ళు మండేది: "మేడమ్ గెలిచారు, సార్ చూసుకుంటారు." ఇక్కడ వార్డుల్లో సగం ఆడవాళ్ళకి కేటాయించింది సార్ చూసుకోవడానికి కాదు. బుజ్జీ, ఆ బూరెబుగ్గల పిల్లాడు "మీ ఆయన్నే అడుగుతాంలే" అంటే నువ్వు నవ్వి ఊరుకున్నావు. ఊరుకోకుండా ఉండాల్సింది.

అయితే నువ్వూ ఒక మాట జారావు. "మా అన్న మీద కేసుంది, దొంగకి ఓటేస్తారా?" అన్నావు. కేసున్నవాడు నిందితుడు. కోర్టు తేల్చాకే దోషి. ప్రూఫుల్లో ఈ రెండు మాటలూ తారుమారైతే మా ఎడిటరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేవారు, అంటే ఆ పూట అందరికీ టెన్షనే. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు అఫిడవిట్ ఇస్తారు. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ అందులో రాయాలి. అసెంబ్లీకీ పార్లమెంటుకీ నిలబడేవాళ్ళ విషయంలో 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇది మొదలైంది. కార్పొరేషన్‌కి నిలబడేవాళ్ళూ ఇస్తారు. ఏం కేసో అందులో చదవాలి. నీళ్ళ కోసం రోడ్డు మీద బైఠాయించినందుకు పెట్టిన కేసూ కేసే, ఒకరి స్థలం కబ్జా చేసిన కేసూ కేసే.

ఇద్దర్నీ పోల్చిన పద్ధతి నాకు అసలు నచ్చలేదు. బుజ్జి పాత కౌన్సిలర్ వేషం, చిన్నా కొత్త అభ్యర్థి. అందరూ బుజ్జిని ఐదేళ్ళ లెక్క అడిగారు, చిన్నాని కలలు అడిగారు. ఒకరి నిరుటి మార్కుల కార్డునీ, ఇంకొకరు వచ్చే ఏడు బాగా చదువుతానన్న మాటనీ పక్కపక్కన పెడితే ఎవరు నెగ్గుతారు? ఇద్దర్నీ ఒకే ప్రశ్న అడగాలి. "వానొస్తే ఈ వార్డులో ముందుగా నీళ్ళు నిలిచేది ఏ వీధిలో?" తిరిగినవాడు టక్కున చెబుతాడు, తిరగనివాడు ఉపన్యాసం ఎత్తుకుంటాడు.

చెన్నైలో వార్డులు 200. 2011లో మేయర్‌కి కూడా మేమే ఓటేశాం. ఆ కౌన్సిల్ గడువు 2016లో తీరిపోయింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2022 ఫిబ్రవరి 19న. ఈసారి మేయర్‌ని కౌన్సిలర్లే ఎన్నుకున్నారు. చిన్నా, "మేయర్‌గా నన్ను గెలిపించండి" అని ఎవరైనా వీధిలో అడిగితే ఏమనాలో ఇప్పుడు తెలిసిందిగా. అన్నేళ్ళు ఆగి వచ్చిన ఎన్నికకి నగరంలో సగం మంది కూడా ఓటెయ్యలేదు. నేను పొద్దున ఏడున్నరకి వెళితే లైన్లో నా ముందు నలుగురే ఉన్నారు, అందులో ఇద్దరు నాకంటే పెద్దవాళ్ళు.

వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాను. నానమ్మ చేగోడీలు చేసి పంపుతానంది. ఈలోపు మీ వీధిలో గుండ్రటి మూతలు ఎన్ని, జల్లెడలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఉంచండి. రోడ్డు దాటేటప్పుడు బుజ్జి చెయ్యి వదలకు.

మీ తాతయ్య