కలెక్టర్ ఉత్తరం వచ్చిందా? అమెరికా మెడికల్ బిల్లులపై అపోహలు - వాస్తవాలు

మన ఊళ్లో కలెక్టర్ దగ్గర నుంచి కాగితం వచ్చిందంటే అది భూమి గొడవో, ఇళ్ల పట్టా సంగతో అయి ఉంటుంది. అమెరికాలో కలెక్టర్ వేరు, కట్టని బాకీలు వసూలు చేసే ఏజెన్సీ. బిల్లు వాళ్ల చేతికి పోవడాన్నే కలెక్షన్‌కి వెళ్లడం అంటారు. పిల్లాడికి చెవిపోటు వచ్చి అర్జెంట్ కేర్‌కి తీసుకెళ్లిన సంగతి మనం ఎప్పుడో మర్చిపోయి ఉంటాం. ఏడాది తర్వాత, పేరు కూడా వినని ఏజెన్సీ నుంచి "మీరు ఇంత బాకీ" అని ఉత్తరం దిగుతుంది. ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు.

నేను హైదరాబాద్‌లో నైట్ షిఫ్టుల్లో ఏఆర్ కాలింగ్‌తో మొదలుపెట్టాను. అమెరికా డాక్టర్ల తరఫున ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి, ఫలానా క్లెయిమ్ ఎందుకు ఆపారని అడిగే పని. ఇప్పుడు డాలస్ దగ్గర ఒక క్లినిక్‌లో బిల్లింగ్ చూస్తున్నాను. తెలిసినవాళ్లు నాకు తెచ్చి చూపించే కలెక్షన్ ఉత్తరాల్లో డబ్బు లేక కట్టనివి తక్కువే. ఉద్యోగం మారాక కూడా పాత ఇన్సూరెన్స్ కార్డే చూపించినవి, అపార్ట్‌మెంట్ మారితే బిల్లు పాత అడ్రస్‌కి పోయినవి ఎక్కువ. అందుకే ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఒక్కటే: ఇన్సూరెన్స్ వాళ్లు ఏమన్నారు?

అపోహ: కలెక్షన్‌కి వెళ్లిందంటే ఇక కట్టడమే, వేరే దారి లేదు.

ఈ అపోహకి నేనూ బలయ్యాను. ఒక ల్యాబ్ బిల్లు మా ఇంటికే కలెక్షన్ ఉత్తరంగా వస్తే, చుట్టుపక్కల వాళ్లందరికీ సలహాలు చెప్పే నేను కంగారుపడి అదే రోజు కార్డుతో కట్టేశాను. తర్వాత తీరిగ్గా చూస్తే అది నేను కట్టాల్సిందే కాదు. ఆ డబ్బు వెనక్కి రాబట్టుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

క్లెయిమ్ తేలాక ఇన్సూరెన్స్ కంపెనీ మనకు ఈఓబీ అనే కాగితం పంపుతుంది. అది బిల్లు కాదు, లెక్క చెప్పే కాగితం. అందులో పేషెంట్ కట్టాల్సింది ఎంత అని ఒక వరుస ఉంటుంది. డాక్టర్ ఆఫీసుకు వెళ్లే కాగితంలో ఇదే లెక్క కోడ్‌లతో ఉంటుంది. పీఆర్ అని మొదలైతే పేషెంట్ బాధ్యత: పీఆర్-1 డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా మనం పెట్టుకోవాల్సిన మొత్తం), పీఆర్-2 కోఇన్సూరెన్స్ (ఆ తర్వాత బిల్లులో మన వంతు శాతం), పీఆర్-3 కోపే (ఒక్కో విజిట్‌కి మనం కట్టే స్థిరమైన మొత్తం). సీఓ అని మొదలైతే డాక్టర్‌కి, ఇన్సూరెన్స్‌కి మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం తగ్గించుకోవాల్సిన మొత్తం. నెట్‌వర్క్‌లో ఉన్న, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ దాన్ని పేషెంట్ మీద వేయకూడదు.

ఆలస్యంగా వచ్చే బిల్లుల్లో తరచూ కనిపించేది సీఓ-29, అంటే క్లెయిమ్ వేయాల్సిన గడువు దాటిపోయింది. మెడికేర్‌కి, అంటే ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి, ఆ గడువు ఏడాది. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లకు ఒప్పందాన్ని బట్టి 90 రోజులో, 180 రోజులో ఉంటుంది. సరైన కార్డు మీరు ఇచ్చినా బిల్లింగ్ వాళ్లు నిద్రపోయారంటే ఆ నష్టం వాళ్లదే. కార్డే తప్పు ఇచ్చి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. అప్పుడు కూడా ఆ తేదీన కవరేజీ ఉందని రుజువు పెట్టి మళ్లీ క్లెయిమ్ వేయమని, గడువు మీద అప్పీల్ చేయమని అడగొచ్చు. క్లెయిమ్ తిరిగి నడిస్తే ఆసుపత్రి ఆ అకౌంటును కలెక్షన్ నుంచి వెనక్కి పిలుచుకోగలదు. అందుకే ఏజెన్సీతో గొడవపడే ముందు ఆసుపత్రి బిల్లింగ్ ఆఫీసుకి ఫోన్ చేయమంటాను.

మా టెక్సస్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. చికిత్స జరిగిన తేదీ నుంచి పదకొండో నెల మొదటి రోజు లోపు బిల్లు వేయాలని రాష్ట్ర చట్టం. ఆ గడువు దాటించినవాళ్లు, సకాలంలో వేసి ఉంటే ఇన్సూరెన్స్ ఇచ్చి ఉండే డబ్బును పేషెంట్ దగ్గర వసూలు చేసుకోలేరు.

అపోహ: పాప పుట్టింది, తల్లి ఇన్సూరెన్స్‌లో తనంతట తానే చేరిపోతుంది.

చేరదు. ఉద్యోగం ద్వారా వచ్చే ప్లాన్‌లో బిడ్డను చేర్చడానికి సాధారణంగా పుట్టినప్పటి నుంచి 30 రోజులే గడువు. పురుడు, బాలింతరాలు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మకి జెట్‌లాగ్, వీటన్నిటి మధ్య హెచ్ఆర్ పోర్టల్ ఎవరికి గుర్తుంటుంది? గడువు దాటితే బిడ్డ పేరు మీద విడిగా వచ్చే ఆసుపత్రి బిల్లు మొత్తం చేతికి తగలొచ్చు.

భార్యాభర్తలిద్దరూ వేర్వేరు ఆఫీసుల్లో ఇన్సూరెన్స్ తీసుకుని పిల్లల్ని రెండింట్లోనూ పెడితే మరో తిరకాసు. మామూలుగా ఎవరి పుట్టినరోజు క్యాలెండర్‌లో ముందొస్తే వాళ్ల ఇన్సూరెన్స్ మొదట కట్టాలి. పుట్టిన సంవత్సరంతో పని లేదు, నెల, తేదీ చాలు. వినడానికి జాతకాల లెక్కలా ఉన్నా ఇది నిజం. తారుమారుగా వేసిన క్లెయిమ్‌లు రెండు కంపెనీల మధ్య తిరిగి తిరిగి చివరికి కలెక్షన్‌లో తేలడం చాలాసార్లు చూశాను.

అపోహ: ఫోన్ ఎత్తకపోతే వాళ్లే విసుగెత్తి వదిలేస్తారు.

కొందరు వదిలేస్తారు. కొందరు కోర్టుకెళ్తారు. సమన్లు వచ్చినప్పుడు జవాబివ్వకపోతే అప్పు నిజమా కాదా అన్న విచారణ లేకుండానే తీర్పు వాళ్ల వైపు వెళ్లిపోవచ్చు. కాబట్టి కోర్టు కాగితాన్ని మాత్రం పక్కన పడేయకండి.

1977 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కలెక్టర్ మిమ్మల్ని మొదట సంప్రదించిన ఐదు రోజుల్లోపు బాకీ వివరాలు పంపాలి. అవి అందాక 30 రోజుల్లోపు మీరు ఒప్పుకోవడం లేదని రాతపూర్వకంగా పంపితే, రుజువు చూపించేదాకా వసూలు ఆపాలి. ఫోన్‌లో చెబితే ఈ రక్షణ రాదు, ఉత్తరం రాయాలి. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి రసీదు దాచుకోండి. ఫోన్‌లో మాత్రం "సరే, కడతాను" అనే మాట రానివ్వకండి. ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత ఫోన్ చేయకూడదు. అరెస్టు చేయిస్తామని బెదిరించడం చట్టవిరుద్ధం.

అపోహ: నెలకు 5 డాలర్లు పంపుతూ ఉంటే కలెక్షన్‌కి పంపలేరు.

అలాంటి చట్టం లేదు. ఆసుపత్రి ఒప్పుకున్న వాయిదాల ప్లాన్ కాగితం మీద ఉండాలి.

అపోహ: హిపా చట్టం (పేషెంట్ల ఆరోగ్య వివరాలను గోప్యంగా ఉంచే చట్టం) ప్రకారం నా బిల్లు కలెక్టర్‌కి ఇవ్వకూడదు.

ఇవ్వొచ్చు. వసూలుకు అవసరమైనంత సమాచారం పంచుకోవడానికి ఆ చట్టమే అనుమతిస్తుంది.

అపోహ: క్రెడిట్ స్కోర్ పోయింది, ఇక ఇల్లు కొనలేం.

2022 జులై నుంచి మన అప్పుల చరిత్ర నమోదు చేసే మూడు క్రెడిట్ బ్యూరోలు, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, కట్టేసిన మెడికల్ కలెక్షన్‌లను రిపోర్టు నుంచి తీసేస్తున్నాయి. కట్టనివాటినీ ఏడాది దాకా చూపించవు. 2023 ఏప్రిల్ నుంచి 500 డాలర్ల లోపువి అసలే కనిపించవు. మెడికల్ బాకీలన్నిటినీ తీసేయాలని 2025 జనవరిలో ఫెడరల్ ప్రభుత్వం తెచ్చిన నిబంధనను అదే ఏడాది జులైలో టెక్సస్ ఫెడరల్ కోర్టు కొట్టేసింది. "అన్నీ తీసేశారట" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ ఆ మధ్య కాలంలోదే. న్యూయార్క్, కొలరాడో లాంటి రాష్ట్రాలకు మాత్రం సొంత చట్టాలున్నాయి.

భయంతో ఆ బిల్లును క్రెడిట్ కార్డు మీద కట్టి, కార్డు బాకీ తీర్చలేకపోతే ఈ రక్షణలేవీ ఉండవు. అది మామూలు కార్డు అప్పు అయిపోతుంది.

అపోహ: అమ్మానాన్నలు ఇండియా వెళ్లిపోయారు, వాళ్ల బిల్లు ఎవరు అడుగుతారు?

నాన్నకి ఛాతీలో నొప్పి వచ్చి ఎమర్జెన్సీకి తీసుకెళ్తాం. కౌంటర్‌లో అమ్మాయి ట్యాబ్లెట్ చేతిలో పెట్టి సంతకం అడుగుతుంది. ఆ టెన్షన్‌లో చదివేదెవరు? అందులో గ్యారంటర్ (బిల్లుకు బాధ్యత తీసుకునే వ్యక్తి) అన్న చోట కొడుకు పేరు పడితే బిల్లు కొడుకుదే. నాన్న విమానం ఎక్కినా అది ఇక్కడే ఉంటుంది. విజిటర్ ఇన్సూరెన్స్‌లో కొన్ని ప్లాన్‌లు ఒక్కో చికిత్సకి ఇంత అని కొంచెమే ఇస్తాయి. మిగతాది మనకే.

ఇలాంటి బిల్లు వస్తే ముందు అది లాభాపేక్ష లేని ఆసుపత్రేనా అని చూడండి. అయితే దానికి ఆర్థిక సాయం పాలసీ ఉండి తీరాలి. షరతులు ఆసుపత్రిని బట్టి మారతాయి. మొదటి బిల్లు నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. మొదటి 120 రోజుల్లో క్రెడిట్ బ్యూరోకి ఎక్కించడం, కేసు వేయడం లాంటివి చేయకూడదు. అర్హత తేలితే, అప్పటికే ఎక్కువ కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. ఒకాయన తండ్రి బిల్లులో సగం కట్టేశాక నా దగ్గరికి వచ్చారు. లెక్క చూస్తే ఆ రోజుకి 212 రోజులయ్యాయి. "ఇప్పుడెందుకండీ, సగం కట్టేశాగా" అన్నారు. ఆ సాయంత్రమే కూర్చుని ఫారం నింపించాను.