ఉగ్గుగిన్నెంత కడుపు

మా అప్ప (అక్క) బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని విశాఖ నుంచి శ్రీకాకుళం వచ్చిన మర్నాడు, అమ్మ అటక మీంచి ఉగ్గుగిన్నె తీసి తోమింది. మా ఇద్దరికీ, తర్వాత మా పిల్లలకీ ఉగ్గు పెట్టిన గిన్నె అది. అందులో పల్చటి పెసరకట్టు పోసి, ఒక చిన్న చెంచా వేసి అప్ప చేతికిచ్చింది. అప్ప ఒక చెంచా తాగి, చెంచా పక్కన పెట్టి, గోడ గడియారం చూసింది. కాసేపాగి ఇంకో చెంచా. గిన్నె ఖాళీ కావడానికి అరగంట పట్టింది. "ఇంక పట్టదమ్మా" అంది. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మనిషికి సుష్టుగా పెట్టడమే ప్రేమ అనుకునే ఇల్లు మాది. ఆ ఇంట్లో ఇంత కొంచెం తినే మనిషిని చూడటం కష్టం.

అప్పకి చేసింది గ్యాస్ట్రిక్ బైపాస్. కడుపు పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే వాడుకలో ఉంచి, మిగతా కడుపును దాని నుంచి విడదీస్తారు. చిన్నపేగును కొంత కిందుగా కోసి, కింది భాగం చివరను తెచ్చి ఈ సంచికి కలుపుతారు. అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ 1960ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటిదాకా చాలా మార్పులు చెందింది. ఇప్పుడు ఎక్కువమందికి చేస్తున్న స్లీవ్ ఆపరేషన్ వేరు. అందులో పేగు జోలికి పోరు. కడుపును నిలువునా కోసి ముప్పావు వంతుకు పైగా తీసేస్తారు, అరటిపండు ఆకారంలో ఒక గొట్టం మిగులుతుంది.

కడుపు చిన్నదైతే తిండి తగ్గుతుందన్నది అందరికీ తెలిసేదే. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఆకలి సంగతి. "ఆకలన్న ఊసే లేదే" అనేది అప్ప. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా బృందం గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. ఆకలి వేస్తోందని మెదడుకి చెప్పే హార్మోన్ అది. ఎక్కువగా కడుపు పైభాగంలోనే తయారవుతుంది, స్లీవ్‌లో కోసి తీసేసేది సరిగ్గా ఆ భాగాన్నే. బైపాస్‌లో అయితే ఆహారం తొందరగా పేగు కింది భాగానికి చేరి, అక్కడ జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. అవి కడుపు నిండిందని మెదడుకి చెబుతాయి, ఇన్సులిన్‌నీ పెంచుతాయి. చాలామందికి బరువు ఇంకా తగ్గకముందే, కొద్ది రోజుల్లోనే షుగర్ దిగడానికి ఇదొక కారణం. ఆకలి అడగదు కాబట్టి మొదటి నెలల్లో గడియారం చూసి తినాలి, గడియారం చూసి తాగాలి. నీళ్ళు రోజుకి లీటరున్నర తగ్గకూడదు, అదీ గుక్క గుక్కగా. మన ఉక్కకి ఇంకాస్త ఎక్కువే కావాలి.

ముందు తేట ద్రవాలు, తర్వాత పాలు, మజ్జిగలాంటివి, ఆపైన మెత్తగా మెదిపినవి, చివరికి మామూలు తిండి. ఈ మెట్లన్నీ ఎక్కడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. లోపలి కుట్లు మానాలి, వాపు తగ్గాలి కదా. ఏ వారం ఏది అన్నది ఆసుపత్రిని బట్టి కొంచెం మారుతుంది, మీ డాక్టరు ఇచ్చిన చార్టే మీకు లెక్క. ఆ రోజుల్లో జ్వరం వచ్చినా, గుండె దడదడలాడినా, కడుపులోనో భుజంలోనో నొప్పి పెరిగినా తెల్లారేదాకా చూద్దామనుకోకండి, వెంటనే డాక్టరుకి చెప్పండి. కుట్ల దగ్గర లీకు అలాగే బయటపడుతుంది.

అసలు చిక్కు మా ఇంట్లో ప్రొటీన్ దగ్గర వచ్చింది. రోజుకి కనీసం 60 గ్రాములు కావాలన్నారు. అమ్మ చోడి (రాగి) అంబలి మీద భారం వేసింది. తేలిగ్గా దిగుతుంది, చలవ చేస్తుంది, మా తాతల నాటి బలమైన తిండి. చోళ్ళలో కాల్షియం బాగా ఉన్న మాట నిజం. కానీ నూరు గ్రాముల చోళ్ళలో ప్రొటీన్ ఏడు గ్రాములే. గ్లాసు అంబలికి పట్టే పిండి 30 గ్రాములనుకుంటే, వచ్చేది రెండు గ్రాములు! మా అమ్మ అంత శ్రద్ధగా కాచిన పెసరకట్టు కూడా పైతేట కాబట్టి ఎక్కువ నీళ్ళే. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరేడు, 30 గ్రాముల పెసరపప్పు ముద్దగా వండితే ఏడు, నూరు గ్రాముల చేపలో ఇరవై దాకా. కాగితం మీద కూడితే సులువే. ఉగ్గుగిన్నెంత సంచిలో పట్టించడమే కష్టం. అందుకే మొదట్లో డాక్టర్లు ప్రొటీన్ పొడి రాస్తారు. అది తాగమంటే అమ్మకి "మందుల తిండి" అని బెంగ. నేను ఈ లెక్క రాసి చూపించాకే ఒప్పుకుంది.

మన వడ్డన వరస కూడా మార్చాల్సి వచ్చింది. మనం ముందు అన్నం కుప్ప పోసి, దాని మీద పప్పు, పక్కన కూర వేస్తాం. ఈ చిన్న సంచిలో నాలుగు ముద్దల అన్నం పడితే చేపముక్కకి చోటుండదు. పైగా సరిగ్గా నమలని అన్నం ముద్దకట్టి, ఛాతీ మధ్య అడ్డుపడ్డట్టు బిగుసుకుంటుంది. ముందు చేపో గుడ్డో పప్పో, తర్వాత కూర, చోటుంటే అన్నం. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, తిన్న అరగంట తర్వాతే. గ్యాస్ కూల్‌డ్రింకులు మానేయాలి.

నాలుగో నెలలో సిరిమాను పండక్కి విజయనగరం వెళ్ళాం. పిన్ని పూర్ణం బూరెలు వండింది. "పైడితల్లి పండగ పూట ఒక్క బూరె తినవే, ఏం కాదు" అని బలవంతం చేసి పెట్టింది. పావుగంటలో అప్ప మొహం పాలిపోయింది. చెమటలు, గుండె దడ, కడుపులో మెలి. పక్కగదిలో పడుకోబెట్టి విసురుతూ కూర్చున్నాను. ఆమె చెయ్యి చల్లగా, తడిగా ఉండటం ఇంకా గుర్తుంది. దీన్ని డంపింగ్ అంటారు. బైపాస్ తర్వాత తీపి కడుపులో ఆగి మెల్లగా దిగడం ఉండదు, ఒక్కసారిగా పేగులో పడుతుంది. ఆ చిక్కటి తీపి ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత ఇంకో రకంగా వస్తుంది: ఇన్సులిన్ ఎక్కువగా ఊరి, షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. పంచదారకి బదులు బెల్లమైతే మంచిదన్న మాట ఇక్కడ చెల్లదు, పేగుకి రెండూ ఒకటే. ప్రేమగా బలవంతపెట్టే చుట్టాలందరికీ ఈ ఒక్క ముక్క ముందే చెప్పాలని అప్పుడు గట్టిగా అనిపించింది.

మందుల విషయంలో నాకు భయమెక్కువ. బీ12 ఒంటికి పట్టడానికి కడుపు గోడలో ఊరే ఒక పదార్థం సాయం కావాలి, ఆ గోడ చాలావరకు ఇప్పుడు ఆహారం పోయే దారిలో లేదు. ఐరన్ ఎక్కువగా పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, బైపాస్‌లో ఆహారం ఆ దారినే పోదు. బీ12 నిల్వలు కాలేయంలో ఏళ్ళ తరబడి ఉంటాయి కాబట్టి లోటు వెంటనే తెలియదు. "బాగానే ఉన్నాను కదా" అని మాత్రలు మానేసిన మనిషికి రెండు మూడేళ్ళకి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మాత్రలు, ఏటా రక్తపరీక్షలు జీవితాంతం ఉండాల్సినవే. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే మరీ ప్రమాదం. బీ1 నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు, అది అడుగంటితే ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మతి తడబడటం మొదలవుతాయి. ఇంకోటి, మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే గోళీలు. బైపాస్ అయినవాళ్ళకి వాటిలో చాలా రకాలు అతుకు దగ్గర పుండు చేస్తాయి. డాక్టరుని అడక్కుండా ఒక్కటి కూడా వద్దు.

పండగ రోజుల్లోనే అప్పకి జుట్టు గుప్పెళ్ళుగా ఊడింది. బరువు వేగంగా తగ్గితే వెంట్రుకలు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్ళి, కొన్ని నెలలకి రాలతాయి. దువ్వెన చూసి ఏడ్చేది. ఏడాది తిరిగేసరికి నుదుటి దగ్గర చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిలబడ్డాయి.

ఇప్పుడు భోజనాల దగ్గర అమ్మ ముందు చేపముక్క ముల్లు తీసి అప్ప పళ్ళెంలో పెట్టి, అన్నం గిన్నె తర్వాత తెస్తుంది. ఉగ్గుగిన్నె మళ్ళీ అటకెక్కింది. వంటింటి క్యాలెండర్లో పాల లెక్క పక్కనే, అప్ప బీ12 ఇంజెక్షన్ తారీకు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది.