ఊహా సంఖ్యలు ప్రకృతిలో ఉన్నాయా, మన రాతలో ఉన్నాయా?

మైనస్ ఒకటి వర్గమూలం, అంటే i అని రాసే ఊహా సంఖ్య లేకుండా ప్రకృతి నడవదా? ఈ తగువు 2025లో మళ్లీ రాజుకుంది. 2021 డిసెంబరులో మార్క్-ఒలివియే రెనూ బృందం 'నేచర్' పత్రికలో ఒక పరీక్షను ప్రతిపాదించింది. కేవలం వాస్తవ సంఖ్యలతో రాసిన క్వాంటమ్ సిద్ధాంతం (అణువుల, కాంతి కణాల తీరును చెప్పే సిద్ధాంతం) ఆ పరీక్షలో నెగ్గలేదన్నది వాళ్ల వాదన. 2022 మొదట్లో వచ్చిన ప్రయోగ ఫలితాలు కూడా అదే చెప్పాయి. దాంతో ఊహా సంఖ్యలు నిజంగానే ఉన్నాయన్న ప్రచారం మొదలైంది.

ఈ సంఖ్యలను మొదట లెక్కల్లోకి తెచ్చిన పదహారో శతాబ్దపు ఇటలీ గణితవేత్తలు కార్డానో, బొంబెల్లీల కథ చాలామందికి తెలిసిందే. నా దృష్టిలో అసలు మలుపు 1833లో వచ్చింది. డబ్లిన్‌లో గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ సంకీర్ణ సంఖ్యలను (వాస్తవ, ఊహా భాగాలు కలిసిన సంఖ్యలను) వాస్తవ సంఖ్యల జంటలుగా రాసి చూపించాడు. (a, b)ని (c, d)తో గుణిస్తే (ac − bd, ad + bc) రావాలన్నది ఆయన నియమం. (0, 1)ని దానితోనే గుణించి చూడండి. మొదటి చోట 0 − 1, రెండో చోట 0 + 0. అంటే (−1, 0), మామూలు మైనస్ ఒకటే. వర్గం చేస్తే మైనస్ ఒకటి వచ్చింది, ఊహా సంఖ్య మాత్రం ఎక్కడా కనబడలేదు! ఇంటర్ రెండో ఏడాదిలో ఎంపీసీ వాళ్లు 'క్రమయుగ్మం' అని చదువుకున్నది ఇదే. i అనేది ఒక గుణకార నియమానికి పెట్టుకున్న పొట్టి పేరు.

ఈ సంగతి మరుగున పడటం వల్లే ఇప్పటి గొడవ. 1926లో క్వాంటమ్ సిద్ధాంతపు మూల సమీకరణం రాసిన ష్రోడింగర్ కూడా అందులో సంకీర్ణ సంఖ్యలు రావడం నచ్చలేదని భౌతిక శాస్త్రవేత్త లోరెంజ్‌కు ఉత్తరం రాశాడు. 1960లో భౌతిక శాస్త్రవేత్త స్టూకెల్‌బర్గ్ క్వాంటమ్ సిద్ధాంతాన్ని వాస్తవ సంఖ్యల్లోనే తిరగరాశాడు.

మరి 2021లో ఓడిందేమిటి? ఆ పరీక్షకు ఒక షరతు ఉంది. వేర్వేరు చోట్ల ఉన్న వ్యవస్థలను కలిపి రాసేటప్పుడు మామూలు క్వాంటమ్ సిద్ధాంతంలోని టెన్సర్ గుణకారాన్నే (విడి వ్యవస్థల వర్ణనలను గుణించి ఒకే వర్ణనగా చేసే పద్ధతినే) వాడాలి. ఆ షరతు సహజమైనదేనని రెనూ పక్షం అంటుంది, ఆ మాటలో బలం ఉంది. కానీ ఆ నియమం సంకీర్ణ సంఖ్యల భాషకు కుదిరిన వ్యాకరణం. భాష మార్చి వ్యాకరణం మాత్రం పాతదే ఉంచితే వాక్యం తప్పడం సహజమే కదా. 2025లో వచ్చిన పత్రాలు సరిగ్గా దీన్నే పట్టుకున్నాయి. కలిపే నియమాన్ని కూడా మార్చి, వాస్తవ సంఖ్యలతోనే క్వాంటమ్ సిద్ధాంతం ఇచ్చే ఫలితాలన్నీ రాబట్టాయి. ఇక తేలాల్సింది ఆ కొత్త నియమాన్ని భౌతిక శాస్త్రవేత్తలు ఒప్పుకుంటారా లేదా అన్నదే.