అమెరికా యుద్ధం కడలూరులో ముగిసింది

అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడి 2026తో 250 ఏళ్లు. ఆ యుద్ధం అనగానే బోస్టన్, యార్క్‌టౌన్ గుర్తొస్తాయి. దాని ఆఖరి పెద్ద పోరు మాత్రం తమిళనాడులోని కడలూరు దగ్గర జరిగింది. మధ్యలో మన గుంటూరు, ఆదోని, కడప కూడా ఉన్నాయి.

1778లో ఫ్రాన్స్ అమెరికన్ల పక్షాన చేరింది. దాంతో ఇంగ్లిషు కంపెనీ ఇక్కడి ఫ్రెంచి స్థావరాల మీద పడింది. అక్టోబరులో పాండిచ్చేరి, మరుసటి మార్చిలో మాహే దాని వశమయ్యాయి. మైసూరు పాలకుడు హైదర్ అలీ సైన్యానికి ఫ్రెంచి ఆయుధాలు వచ్చేది మాహే రేవు నుంచే. దాని జోలికి వెళ్లొద్దని ఆయన ముందే చెప్పినా మద్రాసు దొరలు వినలేదు.

అంతటితో ఆగలేదు. 1779లో ఆదోని పాలకుడు, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ నుంచి గుంటూరు సర్కారును కౌలుకు తీసుకున్నారు. అతని కొలువులోని ఫ్రెంచి సిపాయిలను పంపించేసి తమ పటాలాన్ని పెట్టుకోమన్నారు. ఆ పటాలం హైదర్ ఏలుబడిలోని కడప సీమ గుండా, ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా బయల్దేరింది. హైదర్ అడ్డుకున్నాడు. గుంటూరు విషయంలో నిజాం కూడా మండిపడ్డాడు. ఇద్దరినీ ఒకేసారి రెచ్చగొట్టడం మద్రాసు కౌన్సిల్‌కే చెల్లింది! 1780 జులైలో హైదర్ కర్ణాటక మీద, అంటే ఆర్కాటు నవాబు సీమ మీద, విరుచుకుపడ్డాడు. సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ దళాన్ని తుడిచిపెట్టాడు.

ఆయన పేరు అమెరికా దాకా పాకింది. పెన్సిల్వేనియా వాళ్లు ఒక యుద్ధనౌకకు 'హైదర్ అలీ' అని పెట్టుకున్నారు. 1782 ఏప్రిల్‌లో అది డెలావేర్ అఖాతంలో తనకంటే ఎక్కువ ఫిరంగులున్న బ్రిటిష్ ఓడ 'జనరల్ మంక్'ను పట్టేసింది. ఆ డిసెంబరు 7న అసలు హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలో రాచపుండుతో చనిపోయాడు.

మైసూరుకు సాయంగా వచ్చిన ఫ్రెంచి సేన కడలూరులో ఉంది. దాని సేనాని బుస్సీ. అవును, బొబ్బిలి యుద్ధంలో మనం విన్న బుస్సీయే. అప్పటికి ముసలివాడు, రోగిష్ఠి. 1783 జూన్‌లో ఇంగ్లిషు సేన అతణ్ని ముట్టడించింది. 20న సముద్రం మీద ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ దళం బ్రిటిష్ ఓడలను తరిమికొట్టింది. కానీ బ్రిటన్, ఫ్రాన్స్ జనవరి 20నే ప్రాథమిక సంధి చేసుకున్నాయి. ఆ కబురు ఇక్కడికి చేరేసరికి జూన్ నెలాఖరు!

కబురు అందగానే ఫ్రెంచివాళ్లు పక్కకు తప్పుకున్నారు. తర్వాత పాండిచ్చేరి, మాహే వాళ్లకు తిరిగి దక్కాయి. మంగళూరును ముట్టడిస్తున్న హైదర్ కొడుకు టిప్పు మాత్రం ఒంటరిగా మిగిలాడు. 1784 మార్చిలో కంపెనీతో విడిగా సంధి చేసుకున్నాడు.