ఎం.ఏ. ఫ్రెంచ్ అంటే స్పోకెన్ ఫ్రెంచ్ కోర్సు కాదు

నేను ఫ్రెంచ్ పాఠాలు చెబుతాను. పీజీ చేద్దామనుకునే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నాతో అనే మాటలివి.

అపోహ: ఎం.ఏ.లో చేరితే ఫ్రెంచ్ మాట్లాడటం వచ్చేస్తుంది.

వాస్తవం: అది వచ్చాక చేరాల్సిన కోర్సు. బీ2 స్థాయి (యూరప్ భాషా కొలమానంలో ఆరు మెట్లలో నాలుగోది) లేకపోతే మొదటి సెమిస్టర్‌లోనే ఊపిరాడదు. ఉన్నా నాకు ఆడలేదు. చేరిన నెలకే ఒక పద్యం ఇచ్చి 'కొమాంతేర్', అంటే విశ్లేషణ వ్యాసం, రాయమన్నారు. ఇంటర్ అలవాటు కదా, కవి పరిచయం, సారాంశం, భావం అని వరసగా రాసిచ్చాను. పేపరు ఎర్రగా తిరిగొచ్చింది. కవి ఏం చెప్పాడో వాళ్లకీ తెలుసు. ఎలా చెప్పాడో చూపించమంటారు. ఈ పాదం మధ్యలో ఎందుకు విరిగింది? 'నేను' ఎక్కడ 'మనం' అయింది? క్రియ వర్తమానంలోకి ఎందుకు మారింది? సారాంశం రాస్తే దాన్ని 'పారాఫ్రాజ్' అంటారు, అది తప్పు కింద లెక్క. ఈ చదువుకి అలవాటుపడటానికి నాకు ఏడాది పట్టింది.

అపోహ: ఫ్రెంచ్ సాహిత్యమంటే పారిస్ సాహిత్యం.

వాస్తవం: కరీబియన్ దీవి మార్టినిక్ కవి ఎమే సెజేర్, సెనెగల్ తొలి అధ్యక్షుడు కూడా అయిన కవి సెంఘోర్, అల్జీరియా రచయిత్రి అసియా జెబార్... వీళ్లందరిదీ ఫ్రెంచ్ సాహిత్యమే. జెబార్‌ని 2005లో ఫ్రెంచ్ భాషకి పెద్ద దిక్కైన ఫ్రెంచ్ అకాడమీకే ఎన్నుకున్నారు.

అపోహ: తెలుగువాళ్లకి దీంతో పనేముంది?

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1757 బొబ్బిలి యుద్ధం మనకి బుర్రకథగా తెలుసు. కోట మీదకి వచ్చిన ఫ్రెంచ్ సేనాని బుస్సీ వైపు కాగితాలు ఫ్రెంచ్‌లో ఉంటాయి. యానాం 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉంది. ఫ్రాన్స్ వలస పాలన దస్తావేజుల పెద్ద భాండాగారం ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో ఉంది. తెలుగు, ఫ్రెంచ్ రెండూ చదవగలిగినవాళ్లకి అక్కడ కావలసినంత పని.

అపోహ: చదివితే టీచరు ఉద్యోగమే దిక్కు.

వాస్తవం: హైదరాబాద్ కంపెనీల్లో ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్, అనువాదం పనులున్నాయి. కానీ చాలావాటికి భాష వస్తే చాలు, ఎం.ఏ. అక్కర్లేదు. జీతం కోసమే అయితే బీ2తో ఆగిపోండి. కాలేజీలో పాఠం చెప్పాలంటే మాత్రం ఎం.ఏ., ఆపైన యూజీసీ నెట్ పరీక్ష లేదా పీహెచ్‌డీ కావాలి.

అపోహ: సర్టిఫికెట్లకి గడువుంటుంది.

వాస్తవం: ఫ్రెంచ్ భాషా పరీక్షల్లో డెల్ఫ్, డాల్ఫ్ సర్టిఫికెట్లు జీవితాంతం చెల్లుతాయి. రెండేళ్ల గడువు టీసీఎఫ్ అనే మరో పరీక్షకి. అది రాసేవాళ్లు అప్లికేషన్ తేదీ చూసుకుని రాయండి.