"వయసైపోనాది కదమ్మా" అని వదిలేయకండి: పెద్దవాళ్ళ ఆరోగ్యంపై అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలోనూ, కాశీనగర్, గుణుపురం వైపు ఊళ్ళలోనూ ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళను చూసుకునే నర్సును నేను. మూత్రం గొట్టం మార్చడం, పుండ్లకు కట్లు కట్టడం, షుగర్ చూడటం, ఆపరేషనయి ఇంటికొచ్చిన వాళ్ళను మళ్ళీ నడిపించడం నా పని. ఏ ఇంటికి వెళ్ళినా గుమ్మంలోనే ఒక మాట వినిపిస్తుంది: "ఏటి చేస్తామమ్మా, వయసైపోనాది." ప్రేమ లేక అనే మాట కాదు అది. కానీ ఆ మాట అనుకున్నాక ఇంట్లో ఇంకెవరూ కారణం వెతకరు. వెతికిన చోట చాలాసార్లు కారణం దొరికింది, మనిషి తేరుకోవడం నా కళ్ళతో చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "రాత్రికి రాత్రి మతి చెడిపోయింది. ముసలితనంలో అంతే."

వాస్తవం: మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా, సాధారణంగా నెలల మీద, ఏళ్ళ మీద మెల్లగా ముదురుతుంది. నిన్న సాయంత్రం వరకు మనవలతో కబుర్లు చెప్పిన మనిషి ఈ రోజు కొడుకును పట్టుకుని "నువ్వెవరు బాబూ" అంటే దాని పేరు వేరు. డాక్టర్లు డెలీరియం అంటారు. ఒంట్లో ఎక్కడో మొదలైన జబ్బు మెదడును కలవరపెడుతోందన్నమాట. గుండె నొప్పి వస్తే ఎంత తొందరపడతామో దీనికీ అంత తొందరపడాలి.

ఒక ఇంట్లో తాతగారికి గొట్టం మార్చడానికి వెళ్ళాను. అది కార్తీక సోమవారం. 78 ఏళ్ళ మామ్మ గోడ మీద ఎవరో ఉన్నారంటూ చీర లాగేసుకుంటోంది, ఒళ్ళంతా చెమటలు. ఇంట్లోవాళ్ళు అప్పటికే ఒకసారి దిష్టి తీసేశారు. నేను వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 46, అంటే బాగా పడిపోయింది. ఉపవాసం పేరుతో తిండి మానేసింది గానీ షుగర్ బిళ్ళ మాత్రం భక్తిగా వేసుకుంది. మింగగలుగుతోంది కాబట్టి నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాం. పావుగంటకి కోడలిని పేరుతో పిలిచింది. అయినా ఆసుపత్రికి పంపాను. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి బిళ్ళల ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగర్ మళ్ళీ పడిపోతుంది. స్పృహ లేని మనిషికైతే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

షుగర్ ఒక్కటే కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో సోడియం అనే లవణం పడిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, నాలుగైదు రోజుల మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, చివరికి జలుబుకు కొన్న మాత్ర కూడా మతి తప్పించగలవు. పెద్ద వయసులో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం కనిపించకపోవచ్చు. మనది మలేరియా ఉన్న ప్రాంతం. గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కనగిరి కొండ ఊళ్ళలో మనిషి తేడాగా మాట్లాడితే ఆశా కార్యకర్త చేత మలేరియా కిట్టుతో పరీక్ష చేయించండి, కానీ దానితో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి బయలుదేరండి.

ఇంకొక సంగతి. డెలీరియం వచ్చిన వాళ్ళందరూ కేకలు పెట్టరు. కొందరు మగతగా పడి ఉంటారు, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తారు. "పాపం, హాయిగా పడుకుంది" అని మనం తలుపు దగ్గరగా వేసి వస్తాం. నాకు ఎక్కువ భయం వేసేది వీళ్ళను చూసినప్పుడే.

అపోహ: "జ్ఞాపకశక్తి పరీక్షలో ఏమీ చెప్పలేకపోయింది, కాబట్టి డిమెన్షియానే."

వాస్తవం: పరీక్ష ఏ భాషలో పెట్టారో అడగండి. ఇది సరిహద్దులో ఉండే మనకే అర్థమయ్యే విషయం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు ఆడవాళ్ళలో ఎంతోమందికి ఒడియా బజారులో బేరమాడేంత వరకే వచ్చు. ఆ మామ్మను ఒడియాలో తారీఖు అడిగి, వందలోంచి ఏడేసి తీసెయ్యమంటే ఏం చెబుతుంది? ఒకామెను నేను తెలుగులో "ఇది ఏ మాసం మామ్మా" అని అడిగితే "శ్రావణం, రేపు రెండో శుక్రవారం" అంది. తారీఖుల కేలండర్ ఆమె జీవితంలో ఎప్పుడూ లేదు. చెవులు సరిగ్గా వినపడకపోయినా, చదువు లేకపోయినా మార్కులు తగ్గుతాయి. పరీక్ష సమయంలో పక్కన తెలుగు బాగా తెలిసినవాళ్ళు ఉండాలని అడగడం మన హక్కు.

నిజంగా డిమెన్షియా ఉన్నవాళ్ళలో దీనికి తిరగబడిన కథ కనిపిస్తుంది. ఉద్యోగంలో ఏళ్ళ తరబడి ఒడియా, హిందీ ధారాళంగా మాట్లాడిన మనిషి మెల్లగా వాటిని వదిలేసి అమ్మ భాషలోకి వెళ్ళిపోతాడు. చూసుకోవడానికి పెట్టిన మనిషికి తెలుగు రాకపోతే, దాహం అని అడిగినా అర్థం కాదు. అలాంటి ఇళ్ళలో "నీళ్ళు, నొప్పి, దొడ్డికి, చలి, ఆకలి" లాంటి ఓ పదిహేను తెలుగు మాటలు ఒడియా లిపిలో రాసి గోడకు అంటించి వస్తాను. సగం గొడవలు అక్కడే తగ్గుతాయి.

అపోహ: "నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుంది."

వాస్తవం: మామూలు సెలైన్ అంటే ఉప్పు నీళ్ళు. అర లీటరు బాటిల్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది, ఒక్క కేలరీ కూడా ఉండదు. 5 శాతం గ్లూకోజ్ బాటిల్ అయితే అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజ్. ఆరు చెంచాల పంచదార అనుకోండి, 100 కేలరీలకు లోపే. వాంతులు, విరేచనాలయి నోటితో తాగలేని మనిషికి సెలైన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో సందేహం లేదు. కానీ గుండె బలహీనంగా ఉన్న, కిడ్నీ దెబ్బతిన్న పెద్దాయనకు బలం కోసమని గబగబా ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం వస్తుంది. నీరసానికి కారణం రక్తం తక్కువవడమా, థైరాయిడా, షుగరా, దిగులా, తిండి చాలకపోవడమా అన్నది తేలాలి.

తిండి దగ్గరికొస్తే "పెద్దవాళ్ళకు జావ చాలు, పప్పు అరగదు" అంటారు. చోళ్ళ (రాగుల) అంబలి మంచిదే. వంద గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ పొద్దున అంబలి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి చద్దన్నం, ఇంతే అయితే కండ కరిగిపోతుంది. పెద్ద వయసులో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు దొరుకుతాయి, చిక్కటి పప్పు కప్పులో 7, 8 వరకు ఉంటాయి. పళ్ళు లేకపోతే గుడ్డు చిదిమి పెట్టండి, చేప ముళ్ళు తీసి పెట్టండి, పెరుగు, మెత్తగా ఉడికిన పెసరపప్పు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఎంత తినాలో డాక్టర్‌ని అడిగే పెంచాలి.

అపోహ: "నడిస్తే పడిపోతారు, మంచం మీదే ఉంటే మేలు."

వాస్తవం: ఒకసారి పడితే ఇల్లంతా భయపడుతుంది. "కదలొద్దమ్మా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటారు. పది రోజులు మంచం మీద ఉన్న పెద్దావిడ తొడ కండ ఎలా వదులైపోతుందో పట్టుకు చూస్తే తెలుస్తుంది. కండ తగ్గితే ఈసారి లేచినప్పుడు ఇంకా తొందరగా పడుతుంది.

పడటానికి కారణం ముందు చూడాలి. కొందరికి పడుకుని లేచేసరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు ఒకసారి బీపీ చూస్తే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గిందా తెలుస్తుంది. కూర్చోబెట్టి ఒక్కసారే చూసి పంపించేస్తే ఇది దొరకదు, నిలబెట్టి కూడా చూడమని మీరే అడగండి. లేచేటప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, కాళ్ళు ఆడించి, అప్పుడు లేవాలి.

తర్వాత ఇల్లు. మన పాత ఇళ్ళలో మరుగుదొడ్డి పెరట్లో ఉంటుంది. రాత్రి రెండింటికి గడపలు దాటి, వానాకాలం పాకుడు పట్టిన గచ్చు మీద నడిచి వెళ్ళాలి. నేను చూసిన తుంటి విరుగుళ్ళలో చాలా వరకు ఆ దారిలోనే జరిగాయి. పాకుడు గీకించండి, దారిలో ఒక బల్బు వెలుగుతూ ఉంచండి, దొడ్డి గోడకు పట్టుకోవడానికి కమ్మీ బిగించండి, రాత్రికి మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టండి. పగలు, కదలని కుర్చీలోంచి చేతులు వాడకుండా పదిసార్లు లేచి కూర్చునే వ్యాయామం చేయించండి, మొదట్లో పక్కన ఒకరు నిలబడి.

పడ్డాక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగినట్టు కనిపిస్తే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు. అప్పుడు నాటు కట్టు కట్టించి నెలల తరబడి పడుకోబెట్టకండి. "ఈ వయసులో ఆపరేషనేంటి" అనే ఇళ్ళతో నేను గట్టిగానే వాదిస్తాను. అంతకుముందు నడుస్తున్న మనిషికి ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ చేసి, మర్నాటి నుంచే నిలబెడితే మళ్ళీ నడిచే అవకాశం ఎక్కువ. ఆలస్యమైన కొద్దీ న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు, పుండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

మోకాళ్ళ నొప్పికి సంతల్లో అమ్మే పేరు లేని పొడుల గురించి ఒక్క మాట. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని అనుమానించాలి. నెలల తరబడి వాడితే షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అలా వాడుతున్నది ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, పొడి పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అపోహ: "కంట్లో పొర ముదరాలి, అప్పుడే ఆపరేషన్."

వాస్తవం: అది పాతకాలం మాట. చూపు తగ్గి రోజువారీ పనికి ఇబ్బందిగా ఉంటే చాలు, చేయించుకోవచ్చు. బాగా ముదిరాక చేయడమే కష్టం.

అపోహ: "మూత్రం కారిపోతుంది, అందుకే నీళ్ళు తగ్గించాం."

వాస్తవం: ఆడవాళ్ళు ఈ మాట కూతురికి కూడా చెప్పరు. పెళ్ళిళ్ళకు, గుడికి వెళ్ళడం మానేస్తారు, మనం "ఓపిక లేదు" అనుకుంటాం. నీళ్ళు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలబద్ధకం పెరుగుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, నేను మొదట చెప్పిన మతి తప్పడం కూడా అక్కడి నుంచే మొదలవ్వొచ్చు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను రోజూ బిగించి వదిలే వ్యాయామం మూడు నెలలు ఓపికగా చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. నీళ్ళు పగలు బాగా తాగి, పడుకునే ముందు రెండు గంటలు తగ్గిస్తే చాలు. గుండె, కిడ్నీ జబ్బులకు డాక్టర్ కొలత చెప్పి ఉంటే ఆ కొలతే పాటించండి.

అపోహ: "మంచం పట్టాక పుండ్లు పడక తప్పవు."

వాస్తవం: ఎక్కువ శాతం తప్పించవచ్చు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టాలి, తడి గుడ్డ వెంటనే మార్చాలి. ఎర్రబడ్డ చోట నూనె పెట్టి రుద్దొద్దు, లోపల చర్మం ఇంకా చిట్లుతుంది. మధ్యలో చిల్లున్న గాలి రింగు కూడా వద్దు. తిప్పే పని ఒక్క కోడలి మీదే పడే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆమె నడుం పట్టేశాక ఇద్దరు రోగులవుతారు. రాత్రి ఒక వంతు కొడుకు తీసుకోవాలి.

అపోహ: "పిల్లలు సూరత్‌లో ఉన్నారు, అందుకే దిగులు. అదేం జబ్బు కాదు."

వాస్తవం: గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు వెళ్ళిన కొడుకులెందరో. దిగులు సహజమే. కానీ రెండు వారాలకు పైగా తిండి సయించక, తెల్లవారుజామునే మెలకువ వచ్చి, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, మందుకు తగ్గుతుంది. "నేనుండి ఏం లాభం" అన్న మాటను ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. 14567 వృద్ధుల హెల్ప్‌లైన్, ఖర్చు లేదు. కొట్టినా, పెన్షన్ డబ్బు లాక్కున్నా ఈ నంబరుకు చెప్పొచ్చు.

డబ్బు భయంతో ఆసుపత్రి వాయిదా వేసేవాళ్ళకు: 70 ఏళ్ళు నిండితే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో, చేరి చేయించుకునే చికిత్సకు. ఒడిశా 2025లో చేరింది. ఆధార్‌తో ముందే చేయించి ఉంచండి, పడిపోయిన రోజు పరిగెత్తకుండా.

అపోహ: "ఎన్ని మందులుంటే అంత జాగ్రత్త."

వాస్తవం: మన ఇళ్ళలో ఒక చీటీ బరంపురానిది, ఒకటి శ్రీకాకుళానిది, ఇంకొకటి విశాఖది ఉంటుంది. ఒక డాక్టర్ రాసింది ఇంకొకరికి తెలియదు. ఒక పెద్దాయన రెండు వేర్వేరు పేర్లతో ఒకే బీపీ మందు, ఆమ్లోడిపిన్, రెండు పూటలా వేసుకుంటున్నారు. దానివల్ల పాదాలు వాచాయి. వాపు చూసి ఇంకొకచోట నీరు తీసే మాత్ర రాశారు. దాంతో సోడియం పడిపోయి మాట తడబడింది. ఇంట్లోవాళ్ళు "వయసు" అన్నారు. నేను సంచీలో ఉన్న అట్టలన్నీ మంచం మీద పరిచి, పెద్దక్షరాల కింద సన్నగా రాసి ఉండే మందు పేర్లు చదివితే అసలు సంగతి తెలిసింది. డాక్టర్ గారు రెండు మాత్రలు తగ్గించారు, పది రోజుల్లో ఆయన మళ్ళీ వీధి అరుగు మీద పేపర్ చదువుతూ కనిపించారు.

మీ అంతట మీరు ఏదీ ఆపకండి. ఇంట్లో ఉన్న ప్రతి అట్ట, సీసా, పొడి, ఆయుర్వేదం, కంటి చుక్కలు అన్నీ ఒకే సంచీలో వేసి, ఒకే డాక్టర్ ముందు కుమ్మరించండి. ఆయన ఉంచమన్నవి మాత్రం పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి కేలండర్ పక్కన మేకుకు తగిలించండి. నేను ఇంటికి వస్తే ముందు చూసేది ఆ కాగితమే.