చలికాలం, మన ఇంటి కప్పులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల 20 ఏళ్లుగా డాబాలు, రేకులు, పెంకుటిళ్లు బాగుచేస్తున్నాను. జూన్ రెండో వారం వచ్చిందంటే నా ఫోను ఆగదు. "మేస్త్రీ, ఇల్లు కారిపోతంది, ఉన్నపళంగా రావాలి!" తీరా వెళ్తే, తడి శ్లాబు మీద టార్పాలిన్ కప్పడం తప్ప అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. అసలు ఆ పగులు పడింది సంక్రాంతి ముందు. అప్పుడు మన ఆడవాళ్లు వడియాలు పెట్టడానికి డాబా ఎక్కుతారు గానీ, పిట్టగోడ మొదట్లోకి ఎవరూ వంగి చూడరు.

అపోహ: మన వైపు మంచుగడ్డలు కట్టవు కదా, చలికి కప్పుకేం కాదు.

మనకు మంచంటే గడ్డి మీద పడే మంచే, నిజమే. కప్పును దెబ్బతీసేది చలి ఒక్కటే అయితే బాధ లేకపోయేది. తెల్లవారుజామున గజగజ వణికించి, మధ్యాహ్నానికి శ్లాబు మీద అరికాలు చురుక్కుమనిపించే తేడా ఉంది చూడండి, దానితోనే గొడవ. కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల పొడవున్న శ్లాబు 20 డిగ్రీల తేడాకి సుమారు 2 మిల్లీమీటర్లు కదులుతుంది. రోజూ కదులుతుంది. దాని మీద కూర్చున్న ఇటుక పిట్టగోడ అదే లెక్కన కదలదు. అందుకే శ్లాబూ పిట్టగోడా కలిసేచోట సన్నని గీతలా పగులు పడుతుంది.

ఆ పగులు చూడాలంటే పొద్దున్నే చూడాలి. శ్లాబు బాగా ముడుచుకుని ఉంటుంది కాబట్టి అప్పుడే నోరు తెరుచుకుంటుంది. ఏటీఎం కార్డు అంచు దూరిందంటే మరి ఆలస్యం చేయకండి. మధ్యాహ్నం మూడింటికి అదే చోట గోరు కూడా పట్టదు, "ఏముందీ ఇక్కడ?" అని నన్నే ఎదురు అడుగుతారు.

చాలామంది ఆ గీతలో సిమెంటు పాలు పోసి ఊరుకుంటారు. సిమెంటు గట్టిది, సాగదు. వచ్చే చలికి దాని పక్కనే ఇంకో గీత పడుతుంది. పగులును కాస్త వెడల్పుగా చెక్కి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న సీలెంట్ నింపాలి. ఆ పైన మూల దగ్గర నీళ్లు నిలవకుండా గుండ్రంగా మెత్తాలి. ఈ గుండ్రం ఒక్కటీ కట్టేటప్పుడే పెట్టి ఉంటే నా పని సగం తగ్గేది, అది వేరే సంగతి.

అపోహ: వాన లేకుండా రేకు కారుతోందంటే కన్నం పడినట్టే.

గుణుపురం దగ్గర ఒక పెద్దమ్మ ఇంట్లో జరిగింది. జనవరి నెల, పొద్దున్న ఆరు. వంటింట్లో నీళ్లు చుక్కచుక్కగా పొయ్యి మీద పడుతున్నాయి. "బాబూ, రేకు పోయింది, కొత్తది ఎంతవుతాదో చెప్పు" అంది. నేను నిచ్చెన వేసి చూశాను. రేకు అడుగు భాగమంతా చెమర్చి ఉంది, చెయ్యి పెడితే అరచెయ్యి తడిసింది. ఒక్క కన్నం లేదు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి ఇనుప రేకు బయటి గాలి కంటే కూడా చల్లబడిపోతుంది. లోపలి పొయ్యి ఆవిరి, మన ఊపిరి దానికి తగిలి నీళ్లవుతాయి, చల్లటి నీళ్ల సీసాకి చెమట పట్టినట్టు. పక్కింటి ఒడియా ఆవిడ "కాకరొ" అంది. వాళ్ల భాషలో అది మంచు. మా పెద్దమ్మకి కాకరకాయ గుర్తొచ్చి నవ్వింది.

తేడా కనుక్కోవడం తేలిక. రేకంతా చెమర్చి, ఎండెక్కాక ఆరిపోతే అది ఆవిరి. ఒకే చోట, ముఖ్యంగా స్క్రూ కింద మరక కడితే వాషర్ పోయినట్టు. ఆవిరికి మందు కొత్త రేకు కాదు. ఆవిరి బయటికి పోయే దారి కావాలి. పైన దూలం పక్కన కొంచెం సందు వదలాలి, వంటింటికి పొగగొట్టం పెట్టాలి. ఆవిడకి మూడు వాషర్ల ఖర్చు కూడా కాలేదు.

అపోహ: చలికాలంలో వాన ఉండదు, వాటర్‌ప్రూఫ్ రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

ఈ తప్పు నేనూ చేశాను. కోరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఒక డాబాకి, త్వరగా ముగించి సాయంత్రం బస్సు పట్టుకుందామని పొద్దున్న ఏడింటికే రంగు మొదలుపెట్టాను. కంటికి శ్లాబు పొడిగానే కనిపించింది. నెల తిరిగేసరికి రంగు అప్పడంలా లేచి, పట్టుకుంటే పొర పొరగా వచ్చేసింది. కూలీ నేనే భరించి మళ్లీ వేశాను. అడుగున మంచు తడి ఉంటే ఏ రంగూ అంటుకోదు. పైగా 10 డిగ్రీల లోపు ఆక్రిలిక్ రంగులు సరిగా పొర కట్టవు. కొండ మీది ఊళ్లలో రాత్రి అంతకంటే చల్లబడుతుంది. ఇప్పుడు నేను పదింటి తర్వాతే డబ్బా మూత తీస్తాను, సాయంత్రం నాలుగింటికి ముందే బ్రష్షు కడిగేస్తాను. రోజుకి తక్కువ పని అవుతుంది, ఏం చేస్తాం.

అపోహ: చలికి సిమెంటు ఎండదు, నీళ్లు పెట్టక్కర్లేదు.

చలికి సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది, అందుకే ఇంకా ఎక్కువ రోజులు తడిపి ఉంచాలి. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, మన వైపు ఎక్కువగా దొరికే స్లాగ్ సిమెంటు (ఇనుప కొలిమి చిట్టెం కలిపింది), పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు)లకు కనీసం 10 రోజులు.

అపోహ: రేకుల మీద రాళ్లు పెడితే గాలికి ఎగరవు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పటి నుంచి గజపతి జిల్లాలో ఈ రాళ్ల అలవాటు ఇంకా పెరిగింది. గాలి రేకును అంచు కింద నుంచి ఎత్తుతుంది. రాయి దాన్ని ఆపలేదు, పైగా అదే రాయి ఎగిరి ఎవరి నెత్తినో పడుతుంది. రాయి కింద ఆకులు కుళ్లి ఇనుప రేకు తుప్పు పడుతుంది, సిమెంటు రేకైతే పగులుతుంది. అంచుల్లో, కొప్పు దగ్గర జే హుక్కులు (రేకును కింది దూలానికి పట్టి ఉంచే, J ఆకారపు ఇనుప కొక్కేలు) దగ్గర దగ్గరగా వేయించండి. చలికాలంలో తుఫాను రాదనుకోకండి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది, అయినా మన వైపు కోసిన వరి తడిసింది.

సిమెంటు రేకు ఎక్కేవాళ్లకి ఒక్క మాట: రేకు మధ్యలో అడుగు వేయకండి. హుక్కుల వరుస మీద చెక్క పరిచి దాని మీదే నడవండి. నాచు గీకేటప్పుడు ఇనుప బ్రష్షుతో పొడిగా రుద్దితే ఆస్‌బెస్టాస్ ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం. తడిపి, మెత్తటి చీపురుతోనే చేయాలి.

అపోహ: డాబా మీద చలిమంట వేస్తే ఏమీ కాదు, రాయే కదా.

భోగి తర్వాత ప్రతి ఏడూ నాకు రెండు మూడు డాబాలు దొరుకుతాయి, నల్లగా కాలి, పైపొర పెచ్చులు లేచినవి. రంగు వేసిన డాబా అయితే మరీ దారుణం. పెరట్లో వేసుకోండి.

అపోహ: పిట్టగోడలో రావి మొక్క పీకేస్తే సరిపోతుంది.

వేరు లోపలే ఉంటుంది, మళ్లీ వస్తుంది. గోడ కొంచెం తవ్వి, వేరు తీసి పూడ్చాలి.

చివరిగా మీ అంతట మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఎండ తక్కువ కాబట్టి నీరు ఆవిరై లెక్క తప్పదు, దీనికి జనవరి మంచి కాలం. తూములకి గుడ్డ కుక్కి, డాబా మీద అంగుళం ఎత్తు నీళ్లు నింపి 48 గంటలు వదిలేయండి. అంతకంటే ఎక్కువ నింపొద్దు. వెయ్యి చదరపు అడుగుల మీద అంగుళం నీళ్లంటే సుమారు 2,360 కిలోల బరువు. కింద సీలింగులో పెచ్చులూడి ఇనుము కనిపిస్తుంటే అసలు ఈ పరీక్ష జోలికే పోకండి, ముందు మేస్త్రిని పిలవండి. సీలింగు బాగుండి పరీక్ష పెడితే, పూటపూటకీ కింద నుంచి చూసి, చెమ్మ కనిపించిన ప్రతిచోటా సుద్దముక్కతో చుట్టూ గీసి, పక్కన టైము రాయండి. ముందు తడిసిన చోటు ఏదో తెలిస్తే, నాలాంటివాడు డాబా అంతా తవ్వకుండా సరిగ్గా అక్కడే ఉలి పెడతాడు.